పాటల పుస్తకాల మీద సిద్ధాంత వ్యాసం: అమ్మమ్మ పెన్సిలు గీతలను ఏ అధ్యాయంలో పెట్టాలి?

తరువాయి_భాగం (ప్రశ్న)

సభ్యులకు నమస్కారం. నేను ఒక విశ్వవిద్యాలయ తెలుగు శాఖలో పిహెచ్.డి. రెండో సంవత్సరంలో ఉన్నాను. 1950 నుంచి 1975 వరకు వెలువడిన తెలుగు సినిమా పాటల పుస్తకాలు నా పరిశోధనాంశం. ఈ తరంలో చాలామంది వాటిని చూసి ఉండరు కనుక ఒక మాట చెబుతాను. సినిమా హాలు దగ్గర అణాకో రెండణాలకో అమ్మిన, నాసిరకం కాగితం మీద అచ్చయిన పలుచని పుస్తకాలవి. మొదట తారాగణం, సాంకేతిక నిపుణుల పేర్లు, ఆ తర్వాత కథాసంగ్రహం, చివర పాటలు ఉంటాయి. కథ సరిగ్గా చిక్కుముడి బిగిసే చోట ఆగి, నాలుగైదు ప్రశ్నలు వేసి, తరువాయి వెండితెరపై చూడమంటుంది.

ఈ అంశం వైపు నన్ను నడిపించినది మా అమ్మమ్మ. ఆమె దాచుకున్న 63 పుస్తకాలు, పురికొసతో కట్టిన మూడు కట్టలుగా, ఆమె పోయిన తర్వాత నా చేతికి వచ్చాయి. తాను నేర్చుకున్న పాట పక్కన ఆమె పెన్సిలుతో చిన్న సున్నా చుట్టుకున్నారు. కొన్నిచోట్ల అచ్చులో ఉన్న మాటను కొట్టేసి పైన మరో మాట రాశారు. ఒక యుగళగీతం పల్లవిలో ‘వన్నెల’ అన్నదాన్ని ‘వెన్నెల’గా దిద్దారు. మరో పాట రెండో చరణంలో ‘చెలియా’ను కొట్టేసి ‘సఖియా’ అని రాసి, అంచున ‘రేడియో’ అన్న ఒక్క మాట వేశారు. ఆ మాట చూసిన రోజున నాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు.

అయితే రాయడానికి కూర్చుంటే చెయ్యి కదలడం లేదు. ‘సంస్కృతి: నిర్వచనాలు, పరిణామం’ అన్న మొదటి అధ్యాయం 42 పేజీలు వచ్చింది. అది ‘మానవుడు సంఘజీవి’ అని మొదలై, సినిమా, పాట వంటివి కర్మాగారపు సరుకుల్లా తయారవుతాయన్న అడోర్నో, హోర్క్‌హైమర్‌ల సాంస్కృతిక పరిశ్రమ వాదం మీదుగా, సంస్కృతి సామాన్యమైనదేనని 1958లో రేమండ్ విలియమ్స్ చేసిన ప్రతిపాదనను తాకి, ప్రేక్షకులు సందేశాన్ని ఎలా విప్పుకుంటారన్న దాని మీద స్టూవర్ట్ హాల్ రాసిన 1973 నాటి వ్యాసం దగ్గర ఆగుతుంది. అందులో నేనే రాసిన ఒక వాక్యం చూడండి: ‘విసంకేతీకరణ ప్రక్రియలో గ్రాహకుడు ఆధిపత్య అర్థంతో సంప్రదింపుల స్థానాన్ని స్వీకరించే అవకాశం కల్పించబడుతుంది.’ వారం తర్వాత చదివితే నాకే అర్థం కాలేదు. పాటల పుస్తకం కొనుక్కున్న మనిషి ఆ 42 పేజీల్లో ఎక్కడా కనిపించదు.

మా పర్యవేక్షకులు నా మేలు కోరేవారే. సిద్ధాంత చర్చ తగ్గితే పరీక్షకులు దీన్ని పరిశోధనగా ఒప్పుకోరనీ, అమ్మమ్మ ప్రస్తావనను కృతజ్ఞతల పేజీకి పరిమితం చెయ్యమనీ, అభిమాని రాసినట్టు కాకుండా పరిశోధకురాలు రాసినట్టు రాయమనీ అన్నారు. నేను రెండూ కదా అన్న మాట నోటిదాకా వచ్చి ఆగింది. సినిమాలాంటి జనప్రియ సంస్కృతి మీద రాసేటప్పుడు మనకున్న మమకారాన్ని ఏం చెయ్యాలి? సొంత ఇంట్లో దొరికిన ఆధారం ఆధారమేనా? పాశ్చాత్య సిద్ధాంతం లేకుండా అధ్యాయం నిలబడదా? ఈ దారిలో నడిచినవారు చెబితే వింటాను.

విశ్రాంత_ఉపన్యాసకుడు

అమ్మా, అంశం యోగ్యత గురించి మీ మాటల వెనక ఒక జంకు కనిపిస్తోంది. ముందు దాన్ని వదిలించుకోండి. పండితులు కవుల వరసలో కూర్చోబెట్టడానికి ఇష్టపడని వేమన పద్యాలకు బ్రౌన్ ప్రతులు సేకరించి, ఒకదానితో ఒకటి పోల్పించి, 1829లో అచ్చు వేయించాడు. బిరుదురాజు రామరాజుగారు 1950 దశకంలో జానపద గేయాల మీద ఉస్మానియాలో పరిశోధన చేసినప్పుడు, పల్లె పాటలకు డాక్టరేటా అని విస్తుపోయినవారు ఉండే ఉంటారు. ఇక సి. నారాయణరెడ్డిగారు ఆధునికాంధ్ర కవిత్వం మీద డాక్టరేటు అందుకున్నదీ, ‘గులేబకావళి కథ’తో సినిమా పాటల రచయితగా ఇంటింటికీ తెలిసినదీ ఒకే ఏడాది, 1962లో. ఆయన ఒక చేత్తో రాసినది విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వెళ్లింది, రెండో చేత్తో రాసినది బహుశా మీ అమ్మమ్మగారి కట్టలోనే ఉంటుంది. కట్టలు విప్పి చూడండి.

సిద్ధాంతం సంగతికి వస్తే, మీరు తప్పు తలుపు తడుతున్నారని నాకు అనిపిస్తోంది. ప్రసారమయ్యే సందేశాన్ని ప్రేక్షకులు ఏయే విధాలుగా అర్థం చేసుకుంటారన్నది హాల్ చర్చించిన విషయం. మీ అమ్మమ్మగారు పాట అర్థంతో పేచీ పడలేదు. పాట సరైన పాఠం ఏదో తేల్చుకోవాలనుకున్నారు. దానికి మనకు ఎప్పటినుంచో పేరుంది: పాఠపరిష్కరణ. తాళపత్ర ప్రతులను ముందు పెట్టుకుని, ఏది లేఖక దోషం, ఏది పాఠాంతరం (మరో ప్రతిలో కనిపించే భిన్నమైన మాట), కవి హృదయానికి ఏది దగ్గర అని మానవల్లి రామకృష్ణకవి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి వారు తలలు పట్టుకున్న పని అదే. నన్నెచోడుడి కుమారసంభవం 1909లో రామకృష్ణకవిగారి పుణ్యమా అని వెలుగు చూసింది కానీ, లేకపోతే ఆ కవి పేరే మనకు తెలిసేది కాదు. మీ ఇంట్లో పరిష్కర్త పంచె కట్టుకున్న పండితుడు కాదు, చేతిలో పెన్సిలు, పక్కన రేడియో పెట్టుకున్న గృహిణి. తేడా అంతే.

కనుక ప్రతి, ప్రత్యంతరం (మరో ప్రతి), పాఠాంతరం, అచ్చుతప్పు అన్న మాటలతో ఆ దిద్దుబాట్లను వర్ణించి చూడండి. ‘వన్నెల’, ‘వెన్నెల’ కేవలం అచ్చుతప్పు కావచ్చు. ‘చెలియా’, ‘సఖియా’ అలా కాదు. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

మరొక మాట. నేను పరీక్షకుడిగా చూసిన సిద్ధాంత వ్యాసాల్లో చాలావరకు మానవుణ్ణి సంఘజీవిని చేయడంతోనే మొదలయ్యేవి. కాడని ఎవరూ వాదించలేదు కాబట్టి ఆ పేజీలు నేను చదివేవాణ్ణి కాదు.

పాత_కాగితం

నేను విశ్వవిద్యాలయంలో చదువుకున్నవాణ్ణి కాను. 30 ఏళ్లుగా పాత సినిమా కాగితాలు సేకరిస్తున్నాను. ఈ పుస్తకాల మీద అచ్చయిన సంవత్సరం తరచుగా ఉండదు కనుక, పరిశోధన చేసేవారు మొట్టమొదట బోల్తా పడేది అక్కడే. సినిమా విడుదలైన ఏడాదినే పుస్తకం ఏడాదిగా రాసేస్తారు. బాగా ఆడిన సినిమా మళ్లీ మళ్లీ విడుదలయ్యేది, పుస్తకమూ మళ్లీ మళ్లీ అచ్చయ్యేది.

ధర చూడండి. రూపాయికి వంద పైసల లెక్కతో దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి, 1964 జూన్ 1న ‘నయా’ అన్న మాట తొలగిపోయి ఉత్త పైసలు మిగిలాయి. అంటే ‘నయాపైసలు’ అని ధర వేసిన పుస్తకం దాదాపుగా ఆ ఏడేళ్లలోదే. ‘మాయాబజార్’ 1957 మార్చి 27న విడుదలైంది, కొత్త నాణేలకు సరిగ్గా అయిదు రోజుల ముందు. ఆ సినిమా పుస్తకం నయాపైసల ధరతో మీకు ఎదురైతే, అది తొలి రోజున గేటు దగ్గర అమ్మినది అనుకోవద్దు. అలాగని అణాల ధర ఉన్నదల్లా 1957కు ముందుదని కూడా తేల్చకండి. పాత నాణేలు కొన్నేళ్లు కొత్తవాటి పక్కనే చెలామణి అయ్యాయి, జనం నోట్లో అణా ఇంకా ఎక్కువ కాలం బతికింది.

తర్వాత చివరి పేజీ అడుగున సన్న అక్షరాల వరస చూడండి. ముద్రాపకుడి పేరు, ఊరు వేయాలని అప్పట్లో అమల్లో ఉన్న 1867 నాటి చట్టం చెప్పేది కనుక ప్రెస్సు పేరు అక్కడ దొరుకుతుంది. చిరునామా ‘మద్రాసు-26’ అన్నట్టు ఉంటే ఒక లెక్క, ఆరంకెల పిన్‌కోడు ఉంటే ఇంకో లెక్క, ఎందుకంటే పిన్‌కోడు 1972 ఆగస్టు 15న మొదలైంది. ‘వన్నెల’ విషయంలో మాత్రం ఉపన్యాసకులు అన్నదే నిజం కావచ్చు. చేత్తో సీసపు అక్షరాలు పేర్చే రోజుల్లో ఎత్వం విరిగిపోవడం, సరిగా పడకపోవడం మామూలే. పుస్తకాన్ని వెలుగుకు ఏటవాలుగా పట్టుకుని భూతద్దంతో చూస్తే, సిరా అంటకపోయినా కాగితం మీద నొక్కు కనిపించవచ్చు.

తేదీల గురించి ఇంత చాదస్తం ఎందుకంటే, మన మొదటి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల తరబడి పుస్తకాలన్నీ ఒకదాన్ని చూసి ఒకటి రాశాయి. పాత్రికేయుడు రెంటాల జయదేవ సెన్సారు వివరాలు, ఆనాటి పత్రికల ప్రకటనలు వెతికి, బొంబాయిలో సెన్సారు అయింది 1932 జనవరి 22న అనీ, అక్కడి కృష్ణా సినిమాలో విడుదలైంది ఫిబ్రవరి 6న అనీ చూపించారు. సినిమావాళ్లు జరుపుకునే పుట్టినరోజే మారిపోయింది.

మూడో_అధ్యాయం

పై ఇద్దరితోనూ సగమే ఏకీభవిస్తాను. నేను సినిమా మీదనే పరిశోధన చేసి రెండేళ్ల కిందట పట్టా తీసుకున్నాను కనుక, మొహమాటం లేకుండా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి.

తేదీలు, అచ్చుతప్పులు, పాఠాంతరాలు ఎంత శ్రద్ధగా పోగు చేసినా, ఒక ప్రశ్న లేకపోతే చివరికి మిగిలేది మంచి జాబితా మాత్రమే. సిద్ధాంతం అక్కడే అవసరమవుతుంది. తెలుగు సినిమా అభిమాన సంఘాల మీద, సినిమాకూ రాజకీయానికీ ఉన్న ముడి మీద ఎస్.వి. శ్రీనివాస్ రాసినవి చూడండి. పౌరాణిక, భక్తి చిత్రాల ప్రేక్షకుల మీద ఉమామహేశ్వరి భృగుబండ రాసినది చూడండి. సిద్ధాంతం వాటిలో మొదటి 42 పేజీల్లో మూట కట్టి ఉండదు, ఆధారం ఎక్కడ ఇబ్బంది పెట్టిందో అక్కడ వస్తుంది. మీ మొదటి అధ్యాయంలో తప్పు హాల్‌ది కాదు. ఆయన్ను పిలిచినప్పటికి మీ దగ్గర ఆయన చేయాల్సిన పని ఏదీ లేదు.

ఇక ‘రేడియో’ అన్న ఆ ఒక్క మాటను మీరు ఇంకా తూచలేదు. కేంద్ర సమాచార ప్రసార మంత్రిగా కేస్కర్ ఉన్న కాలంలో, 1952 నుంచి, ఆకాశవాణి సినిమా పాటలను దాదాపుగా పక్కన పెట్టింది. శ్రోతలు శ్రీలంక నుంచి వినిపించే రేడియో సిలోన్ వైపు తిరిగారు. 1957 అక్టోబరు 3న ఆకాశవాణి వినోద ప్రసారాల విభాగం వివిధభారతి మొదలైన తర్వాతే సినిమా పాట ప్రభుత్వ రేడియోలో నిలదొక్కుకుంది. అమ్మమ్మగారు ఆ పాటను ఏ కేంద్రం నుంచి, ఏ సంవత్సరాల్లో విని ఉంటారో తెలిస్తే, ఒక గృహిణి పెన్సిలు గీత ప్రసార విధాన చరిత్రలోకి వస్తుంది.

పైగా రేడియోలో వినిపించినది సినిమాలోని పాట కాకపోవచ్చు, గ్రామఫోను రికార్డు కావచ్చు. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డుకు ఒక పక్క సుమారు మూడు నిమిషాలే పడుతుంది కనుక, నిడివి పెద్దదైతే చరణం తగ్గించాలి, లేదా రెండో వైపుకు పొడిగించాలి. పుస్తకం సినిమా విడుదలకు ముందే అచ్చుకు వెళ్లేది కాబట్టి, ఆఖరు నిమిషంలో కత్తిరించిన పాట కూడా అందులో ఉండిపోవచ్చు. అంటే మీ ముందు పుస్తకం, రికార్డు, తెర అని మూడు ప్రతులున్నాయి. ఏది మూలం అని అడగడం కన్నా, ఇంట్లో పాడుకునే మనిషి దేన్ని ప్రమాణంగా తీసుకుంది అని అడగండి. అది ప్రశ్న అవుతుంది.

కథాసంగ్రహాల్లో కూడా ఒక ప్రశ్న దాగి ఉంది. సాంఘిక చిత్రానికి కథను మధ్యలో ఆపితే అర్థముంది. రామాయణ భారతాల కథకు కూడా ‘చివరికి ఏమైంది?’ అని అడిగి ఆపడమేమిటి? ఏమైందో ఊళ్లో పసిపిల్లవాడికీ తెలుసు. అయినా టిక్కెట్టు కొన్నారు. మీ 63 పుస్తకాల్లో పౌరాణికాలు ఏ ఘట్టం దగ్గర ఆగాయో, సాంఘికాలు ఏ ఘట్టం దగ్గర ఆగాయో పక్కపక్కన పెట్టి చూశారా?

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఒక అమ్మమ్మ తెలుగు ప్రేక్షకులందరూ కారు. ‘ఒక పాఠకురాలు’ అని రాసినంతవరకు ఎవరూ మిమ్మల్ని కదపలేరు, ‘నాటి స్త్రీలు’ అని రాసిన మరుక్షణం వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, దొరికిపోతారు. వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రం వంటి గ్రంథాలయాల్లో అడగండి, పాత పుస్తకాలు అమ్మేవారినీ అడగండి. గీతలున్న పుస్తకాలు ఇంకో పది దొరికినా మీ మాట బరువు మారుతుంది. మీరు అడగలేదు కానీ, పాటలు ఉటంకిస్తే సారూప్యత శాతం (ఇతరుల రచనలతో పోలిక చూసే లెక్క) పెరుగుతుందని భయం ఉంటే, విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యుజిసి) 2018 నిబంధనల్లోని 10 శాతం లెక్కలోకి ఆకరం చూపి ఉటంకించినవి రావు.

తరువాయి_భాగం

అందరికీ కృతజ్ఞతలు. సమాధానం ఇవ్వడానికి పది రోజులు పట్టింది, ఎందుకంటే కట్టలు మళ్లీ విప్పాను.

పాత_కాగితంగారు చెప్పినట్టు వెలుగుకు ఏటవాలుగా పట్టి చూస్తే, ‘వన్నెల’లో వకారం మీద ఎత్వం నొక్కు సన్నగా ఉంది, సిరా లేదు. అమ్మమ్మ దిద్దిన 11 చోట్లలో ఇలాంటివి ఏడు. ‘సఖియా’ కథ మాత్రం వేరుగా తేలింది. ఆ పాట ఇప్పుడు దొరుకుతున్న రికార్డులో గాయని చరణాన్ని మొదటిసారి ‘చెలియా’ అనీ, మళ్లీ అందుకున్నప్పుడు ‘సఖియా’ అనీ పాడారు. పుస్తకంలో చరణం ఒక్కసారే అచ్చవుతుంది. అంటే అచ్చూ తప్పు కాదు, అమ్మమ్మ వినికిడీ తప్పు కాదు, వెనక్కి వచ్చి మారిన మాటకు కాగితం మీద చోటు లేదు. ఆమె ఆ చోటును పెన్సిలుతో కల్పించుకున్నారు. ఆ పుస్తకం ధర 12 నయాపైసలు. ఇంట్లోకి రేడియో పెద్దమ్మ పెళ్లి జరిగిన 1961లో వచ్చిందని మామయ్య చెప్పారు కనుక, విన్నది వివిధభారతో సిలోనో తేల్చాలి.

పౌరాణికాలు నా దగ్గర తొమ్మిదే ఉన్నాయి. అన్నీ యుద్ధానికి ముందో, వరమో శాపమో ఇచ్చిన వెంటనేనో ఆగాయి, కానీ ప్రశ్నలు సాంఘికాల్లో లాగా ‘ఏమైంది?’ అని కాక ఎక్కువగా ‘ఎట్లు?’ అని ఉన్నాయి. తొమ్మిదింటితో ఏమీ తేల్చకూడదని తెలుసు.

మొదటి అధ్యాయం పక్కన పెట్టాను. పర్యవేక్షకులతో మాట్లాడితే, పాఠపరిష్కరణ అన్న మాట వినగానే ఆయన కుర్చీలో ముందుకు జరిగారు, అమ్మమ్మను ఆధార ప్రతి సొంతదారుగా రెండో అధ్యాయంలోకి రానిచ్చారు. కొత్త అధ్యాయం మొదటి వాక్యం ఇలా రాశాను, చూసి చెప్పండి: ‘1957–64 మధ్య అచ్చయిన ఒక పాటల పుస్తకం తొమ్మిదో పేజీలో ‘చెలియా’ అన్న మాట పెన్సిలుతో కొట్టివేయబడి, దాని పైన ‘సఖియా’ అని రాయబడి, అంచున ‘రేడియో’ అని సూచించబడింది.’

విశ్రాంత_ఉపన్యాసకుడు

చాలా బాగుంది, కానీ ఒక్క వాక్యంలో మూడు ‘బడు’లు పడ్డాయి. కొట్టివేసిన మనిషి, రాసిన మనిషి, సూచించిన మనిషి ఒక్కరే, ఆవిడ ఎవరో మీకు తెలుసు. కర్తను వాక్యంలోకి తీసుకురండి.